బడితోట నుంచి ఎకోక్లబ్ దాకా

భారతదేశపు బడుల్లో పర్యావరణం పాఠ్యపుస్తకంలోకి రాకముందు తోటలోకి వచ్చింది. మొక్క నాటడం, ఎరువు తయారుచేయడం, బావి దగ్గర నీళ్లు మోయడం, ఆవరణ ఊడ్చుకోవడం వంటి పనులన్నీ 'పర్యావరణ విద్య' అన్న పేరు పుట్టకముందే కొన్ని బడుల దినచర్యలో భాగంగా ఉండేవి. పేరు వచ్చాక పాఠాలు పెరిగాయి, పని తగ్గింది. తగ్గిన ఆ పనిని తిరిగి బడిలోకి తేవడానికి చేసిన ప్రయత్నాలతోనే గత నలభై ఏళ్ల చరిత్ర ఎక్కువగా నిండి ఉంది.

ఈ చరిత్రకు తొలి మజిలీ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లా. అక్కడిది ఎర్రటి గరపనేల. వానలకు కోసుకుపోయి గండ్లు పడే భూమి. 1863లో దేవేంద్రనాథ్ ఠాగూర్ అక్కడ ఇరవై బిగాల స్థలం తీసుకునేనాటికి చెప్పుకోదగ్గ నీడ ఏడాకుల పాల చెట్లదే. 1901 డిసెంబరులో ఆయన కుమారుడు రవీంద్రనాథ్ కొద్దిమంది పిల్లలతో అదే చోట బడి మొదలుపెట్టాడు. పాఠాలు చెట్ల కింద జరిగేవి. బయటినుంచి మట్టి తెచ్చి, మొక్కలు పెట్టి, ఏళ్ల తరబడి నీళ్లు పోస్తే తప్ప అక్కడ నీడ దొరకదు. అందుకే ఆ చోట వెలిసిన శాంతినికేతన్‌లో చెట్టు అలంకారం కాదు, తరగతి గది. అక్కడి విశ్వభారతి విశ్వవిద్యాలయం పట్టభద్రులకు ఏడాకుల పాల రెమ్మ ఇచ్చే ఆచారం ఉండేది.

1928 వర్షాకాలంలో రవీంద్రనాథ్ అక్కడ వృక్షారోపణ ఉత్సవం ప్రారంభించాడు. మొక్కను అలంకరించిన పల్లకిలో పెట్టి, పాటలతో ఊరేగింపుగా తెచ్చారు. పంచభూతాల వేషాలు కట్టిన పిల్లలు దాన్ని దీవించారు. ఒక బూరుగు చెట్టును ప్రాణంగా ప్రేమించిన పిల్లవాడి గురించి తాను రాసిన 'బలాయి' కథను కవి ఆ సందర్భంలోనే చదివాడు. పక్కనే ఉన్న శ్రీనికేతన్‌లో నాగలి పట్టే పండుగ, హలకర్షణం, కూడా ఆ ఏడాదే మొదలైంది. రవీంద్రుడు కన్నుమూశాక వృక్షారోపణాన్ని ఆయన వర్ధంతి రోజుకు, బెంగాలీ శ్రావణం 22కు, మార్చారు. దేశంలో బడిపిల్లల చేత మొక్కలు నాటించే ఉత్సవాలకు ఇంత నిండైన నమూనా మరొకటి లేదు. తరువాత వచ్చిన వాటిలో చాలావరకు ఊరేగింపును తీసుకున్నాయి గాని, దాని వెనక ఏడాది పొడుగునా సాగే సంరక్షణను తీసుకోలేదు.

రెండో పాయ గాంధీజీది. 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశం చేతిపనిని చదువుకు కేంద్రం చేయాలని తీర్మానించింది. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం నూలు వడకడం, నేతతో పాటు వ్యవసాయాన్ని, పండ్ల, కూరగాయల తోటపనిని మూలవృత్తులుగా సూచించింది. ఇదే నయీ తాలీమ్. వార్ధా దగ్గర గాంధీజీ ఆశ్రమమైన సేవాగ్రామ్ బడిలో పారిశుద్ధ్యం ఒక పాఠం కాదు, ఉదయపు పని. మరుగుదొడ్లు పిల్లలే శుభ్రం చేసేవారు. మలాన్ని, చెత్తను కుళ్లబెట్టి ఎరువు చేసేవారు. ఆ ఎరువుతో పండిన కూరగాయలు వంటింటికి వెళ్లేవి. పండించినదాన్ని తూచి, ఖర్చు లెక్కగట్టి, గణితం నేర్చుకునేవారు. ఈరోజు వ్యర్థాల నిర్వహణ అంటూ ప్రత్యేకంగా బోధిస్తున్నదంతా ఆ ఒక్క చక్రంలో ఇమిడి ఉంది. అంటరానితనాన్ని మోస్తున్న సమాజంలో అన్ని కులాల పిల్లల చేతికీ చీపురు, పార ఇవ్వడం మట్టిని బాగుచేయడం కన్నా పెద్ద పని కూడా.

స్వాతంత్ర్యం తరువాత ఈ నయీ తాలీమ్ పద్ధతిలో నడిచే బేసిక్ బడులు చాలా రాష్ట్రాల్లో వెలిశాయి. నిలబడలేదు. తోట ఉన్న బడి పేదల బడి, పుస్తకాల బడి ఉద్యోగాల బడి అన్న భావన తల్లిదండ్రుల్లో బలపడింది. అందులో వారి తప్పేమీ లేదు, ఉద్యోగాలు నిజంగానే రెండో దారిలో ఉన్నాయి. 1964–66 నాటి కొఠారీ కమిషన్ 'పని అనుభవం' అని, 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘం సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అని కొత్త పేర్లతో సిఫారసులు చేశాయి. కాలపట్టికలో అది వారానికి కొన్ని పీరియడ్లుగా మిగిలింది.

మరోవైపు 1950 జూలైలో అప్పటి కేంద్ర వ్యవసాయ, ఆహార మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం ప్రారంభించారు. ఏటా జూలై మొదటివారం బడుల్లో గుంతలు తవ్వడం అప్పటినుంచి ఆనవాయితీ అయింది. తెలుగు ప్రాంతాల్లో ఈ ఉత్సవానికి క్యాలెండరే పెద్ద శత్రువు. తొలకరికి నాటిన మొక్కకు అసలు పరీక్ష మరుసటి ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. సరిగ్గా అప్పుడే బడికి వేసవి సెలవులు. జూన్ రెండో వారంలో తలుపులు తెరిచేసరికి నీళ్లు పోసేవారు లేక మొక్క ఎండిపోయి ఉంటుంది, లేదా ప్రహరీ లేని ఆవరణలో మేకలు మేసి ఉంటాయి. మళ్లీ జూలైలో అదే గుంతలో మరో మొక్క. విద్యాహక్కు చట్టం 2009లో బడికి ప్రహరీ గోడ గాని కంచె గాని ఉండాలని చేర్చినప్పుడు దాన్ని పిల్లల భద్రత కోసమే అనుకున్నారు. మొక్కల ప్రాణం కూడా దానిమీదే ఆధారపడి ఉంది.

ఈ చిక్కును దాటిన బడి రాయలసీమలోనే ఉంది. మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1920ల నడుమ ఆ పట్టణానికి చేరువలో, ఋషికొండ అడుగున, ఒక పాత మర్రిచెట్టు ఉన్న లోయను బడికోసం ఎంచుకున్నారు. మద్రాసులోని గిండీలో నడుస్తున్న పాఠశాల 1931లో అక్కడికి తరలింది. అది కరవు నేల. రిషీవ్యాలీ స్కూలు అక్కడ దశాబ్దాల తరబడి చెట్లు పెంచింది, ఊటకుంటలతో వాననీటిని నిలిపింది, కొండవాలుల్లో మేతను ఆపి అడవిని తనంతట తాను లేవనిచ్చింది. 1991లో ఆ లోయను పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దక్షిణ భారతపు రాతికొండల్లో మాత్రమే కనిపించే పసుపు గొంతు పిగిలిపిట్ట అక్కడ ఉంటుంది. పిల్లలకు పక్షులను గమనించి రాసుకోవడం చదువులో భాగం. చుట్టుపక్కల పల్లెల్లో ఆ సంస్థ నడిపిన చిన్న బడులకు కూడా చెట్లున్న ఆవరణలు ఏర్పడ్డాయి. ఇది వసతి పాఠశాల కాబట్టి, సొంత భూమి, సిబ్బంది ఉన్నాయి కాబట్టి సెలవుల్లోనూ నీళ్లు పోయగలిగింది. ఆ సౌకర్యం మండల పరిషత్ బడికి లేదు.

విధానాల స్థాయిలో మలుపు 1970ల్లో వచ్చింది. 1972లో స్టాక్‌హోంలో మానవ పర్యావరణంపై, 1977లో తిబిలిసిలో పర్యావరణ విద్యపై అంతర్జాతీయ సమావేశాలు జరిగాయి. 1984లో అహ్మదాబాద్‌లో పర్యావరణ విద్యా కేంద్రం ఏర్పడింది. 1986 జాతీయ విద్యావిధానం పర్యావరణ స్పృహను అన్ని దశల్లో కలపాలంది. అసలు ఒత్తిడి మాత్రం కోర్టునుంచి వచ్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన పిటిషన్‌పై 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. సినిమా హాళ్లలో స్లైడ్లు వేయాలని కూడా చెప్పింది. అమలు నత్తనడక నడవడంతో 2003 డిసెంబరులో రాష్ట్రాలను మళ్లీ గట్టిగా ఆదేశించాల్సి వచ్చింది. తరువాతి ఏడాది ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన పాఠ్యప్రణాళికను కోర్టు అంగీకరించింది. ప్రాథమిక తరగతుల్లో పరిసరాల విజ్ఞానం స్థిరపడింది, పరీక్షలో మార్కులు వచ్చాయి. బడి తాగునీటి కుళాయి కారుతుంటే ఎవరు ఆపాలన్నది మాత్రం సిలబస్ తేల్చలేదు.

ఆ ఖాళీని పూరించడానికే 2001–02లో కేంద్రం జాతీయ హరిత దళం మొదలుపెట్టింది. బడికో ఎకోక్లబ్, ఒక బాధ్యత తీసుకున్న ఉపాధ్యాయుడు, ముప్పై నుంచి యాభైమంది పిల్లలు. ఒక్కో క్లబ్బుకు ఏటా 2,500 రూపాయలు అందిన ఏళ్లున్నాయి. అంత కొద్ది డబ్బుతోనే ఎన్నో క్లబ్బులు ఎరువు గుంతలు తవ్వాయి, మట్టి వినాయకులను చేశాయి, కాగితపు సంచులు కుట్టాయి. ఆ ఉపాధ్యాయుడు బదిలీ అయితే క్లబ్బు మూతపడటం కూడా మామూలే. ఇదే కాలంలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పిల్లలచేత బడి ఆడిట్ చేయించే కార్యక్రమం తెచ్చింది. నీటి వాడకం, కరెంటు బిల్లు, చెత్త బరువు పిల్లలే లెక్కవేస్తారు. సేవాగ్రామ్ లెక్కల పాఠం మరో రూపంలో తిరిగి వచ్చినట్టే.

తెలంగాణలో 2015 జూలైలో మొదలైన మొక్కలు నాటే కార్యక్రమం హరితహారం బడులను కలుపుకుంది. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలన్న బాధ్యతను 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం గ్రామ పంచాయతీలపై పెట్టింది. బతికినవాటిని లెక్కించమని చట్టం అడగడం వనమహోత్సవం పుట్టిన దాదాపు 70 ఏళ్లకు జరిగింది.

బడితోట తిరిగి వంటింటి తలుపు దగ్గరికి చేరింది మధ్యాహ్న భోజనం వల్ల. వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2003 జనవరిలో మొదలైంది. 2019లో కేంద్రం బడుల్లో పోషకాహార తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్ద స్థలం అక్కర్లేదు, చోటు లేని పట్టణపు బడి డబ్బాల్లో, సంచుల్లో పెంచుకోవచ్చు. పల్లె బడుల్లో తోటకూర, గోంగూర, మునగ, కరివేపాకు తేలిగ్గా పెరుగుతాయి. పిల్లలు చేతులు కడిగిన నీళ్లు కాలువగా అరటి పాదుకు వెళ్తాయి, కూరగాయల తొక్కలు ఎరువు గుంతలో పడతాయి, కోసిన ఆకు అదేరోజు పప్పులో పడుతుంది.