బికనేర్ రాజు నీళ్ళకు పెట్టిన కాపలా

పిట్టల వేట అంటే గురి గొప్పదనం అనుకుంటాం. అసలు గుట్టు నీళ్ళల్లో ఉంది.

పురుగులు తినే పిట్టకీ, పండ్లు తినే పిట్టకీ తిండిలోనే కొంత తడి దొరుకుతుంది. గువ్వ తినేది ఎండు గింజ. కళ్ళంలో రాలిన జొన్న, సజ్జ, గట్టు మీద గడ్డి గింజలు. అందుకే దానికి నీళ్ళు లేనిదే గడవదు. తాగడం కూడా వేరే రకం. కోడి గుక్క పట్టి తల పైకెత్తుతుంది, గువ్వ మాత్రం ముక్కు ముంచి పశువులాగా పీల్చేస్తుంది. పొద్దున మేశాక ఒకసారి, సాయంత్రం చెట్టెక్కే ముందు ఒకసారి వస్తుంది. పిల్లి దాక్కోవడానికి పొదలు లేని గట్టయితే దానికి ఇష్టం. ఇవన్నీ తెలిసినవాడు పొలమంతా తిరగడు, నీళ్ళ పక్కన కూర్చుంటాడు.

ఈ సంగతిని పెద్ద ఎత్తున వాడుకున్నది రాజస్థాన్‌లోని బికనేర్ మహారాజా గంగా సింగ్. ఎడారి రాజ్యం. ఊరికి 30 కిలోమీటర్లు పైచిలుకు దూరంలో గజ్నేర్ అనే చెరువు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి పొలంక పిట్టలు గుంపులుగా దిగుతాయి. ఇవి గువ్వ జాతి కావు గానీ చూపుకి అలాగే ఉంటాయి, తినేదీ ఎండు గింజలే. పొద్దెక్కాక నీళ్ళకి వస్తాయి. వేటకి ముందు చుట్టుపక్కల ఉన్న మిగతా నీళ్ళ దగ్గర రాజు మనుషుల్ని కాపలా పెట్టించేవాడు. పిట్ట వాలబోతే అదిలించడమే వాళ్ళ పని. దాహంతో అల్లాడిన గుంపులన్నీ చివరికి గజ్నేర్‌కే రావాలి. అక్కడ తుపాకులతో దొరలు సిద్ధం! 1905లో వేల్స్ యువరాజు, అంటే తర్వాత ఐదో జార్జి అయినాయన, ఆ వేటకి వచ్చాడు. వైస్రాయిలూ వచ్చారు. ఆ పిలుపు కోసం పెద్దపెద్ద అధికారులు ఎదురుచూసేవాళ్ళట. పిట్టలు కుప్పలుగా పడేవి.

తమాషా ఏంటంటే, 1927లో సట్లెజ్ నీళ్ళు తెచ్చి ఎడారిని పంట భూమి చేసిన గంగ్ కాలువ కూడా ఆ రాజుదే. రైతుకి నీళ్ళిచ్చిన చేత్తోనే పిట్టకి నీళ్ళు ఆపాడు.

ఇప్పుడు ఆ మహల్ హోటల్ అయింది. 1972 వన్యప్రాణుల చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత గువ్వని పట్టినా కొట్టినా నేరమే. కానీ మన దగ్గర మే నెల చూడండి. చెరువు అడుగంటుతుంది, వాగు ఇసకే. రాజు కాపలావాళ్ళు చేసిన పని ఎండ చేసేస్తుంది. ఇక మిగిలేది మీ బోరు తొట్టి, పంట కుంట. ఊళ్ళో గువ్వలన్నీ అక్కడికే చేరతాయి, వల పట్టుకున్నవాడూ అక్కడికే వస్తాడు. వాడు మీ గట్టు మీద కూర్చోవాలా వద్దా అన్నది మీ చేతిలో ఉంది.

ఇంకో మాట. షీటు వేసిన కుంటలో గట్టు జారుడుగా ఉంటుంది, గువ్వ దిగలేదు. అందుకే తొట్టి కింద కారి నిలిచిన చిన్న మడుగు మీదే వాలుతుంది. వల వేసేవాడి కన్ను ఆ మడుగు మీదే. కుంట అంచున రెండు చోట్ల గోనెసంచి పరిచి రాళ్ళు పెడితే పిట్టలు ఒక్కచోటే గుమిగూడవు.