చేప కాలేయం చెప్పిన చరిత్ర

'జల్, జంగల్, జమీన్' అన్నప్పుడు మనం ముందుగా పలికేది నీటినే. అయినా మన చరిత్ర రాసుకునేటప్పుడు భూమి గురించి, అడవి గురించి రాసినంతగా నీటి గురించి రాయం. నీటి మీద హక్కు గెలిచాక ఆ నీరే పాడైతే ఏమవుతుందో అమెరికా పడమటి తీరంలోని సుక్వామిష్ ఆదివాసుల చరిత్రలో చూడవచ్చు.

ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఒడ్డున వాళ్లు తరతరాలుగా చేపలు, ఆల్చిప్పలు పట్టుకుని బతికారు. 1855లో పాయింట్ ఎలియట్ ఒప్పందంతో భూములు పోయాయి. అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కును మాత్రం ఆ ఒప్పందంలో నిలుపుకున్నారు. వాళ్ల తరఫున గుర్తు పెట్టిన నాయకుడు సియాటిల్. ఆ పేరే నగరానికి వచ్చింది. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఆ హక్కును ఏళ్ల తరబడి తొక్కిపెట్టింది. తెగల వాళ్లు అరెస్టులకు జంకకుండా వలలు వేశారు. చివరికి 1974లో జడ్జి జార్జ్ బోల్ట్, పట్టదగిన చేపల్లో సగం ఒప్పంద తెగలకు చెందుతాయని తీర్పు ఇచ్చాడు.

ఆ నీటిలోనే ఈగిల్ హార్బర్ అనే చిన్న రేవు ఉంది. 1900ల ఆరంభం నుంచి 1988 వరకు అక్కడి కర్మాగారంలో రేవు గుంజలకు, రైలు స్లీపర్లకు పురుగు పట్టకుండా క్రియోసోట్ అనే తారునూనె పట్టించేవారు. అది కారి అడుగు బురదలోకి దిగింది.

ఆ బురదలో ఒళ్లు దాచుకుని, అందులోని పురుగులను తిని బతికే చదునైన చేప ఇంగ్లీష్ సోల్. క్రియోసోట్‌లోని పీఏహెచ్‌లు అనే రసాయనాలు దాని ఒంట్లోకి చేరతాయి. వాటిని విడగొట్టడానికి కాలేయం సైటోక్రోమ్ పీ450 ఎంజైములను ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ పనిలోనే కొన్ని రసాయనాలు మరింత ప్రమాదకరంగా మారి డీఎన్ఏకు అంటుకుంటాయి. కాలం గడిచేకొద్దీ కణాలు చెడి గడ్డలు పుడతాయి. కాలేయం వాటిని మార్చేస్తుంది కాబట్టి కండలో పీఏహెచ్‌లు పెద్దగా దొరకవు. కండ ఒక్కటే పరీక్షిస్తే చేప బాగున్నట్టే ఉంటుంది. 1980లలో సియాటిల్‌లోని ప్రభుత్వ శాస్త్రవేత్తలు కాలేయాన్ని, పైత్యరసాన్ని కూడా పరీక్షించడం వల్లనే బురదకూ జబ్బుకూ ఉన్న సంబంధం తేలింది.

1987లో ఈగిల్ హార్బర్‌ను అక్కడి ప్రభుత్వం సూపర్‌ఫండ్ శుద్ధి జాబితాలో చేర్చింది. 1993–94లో విషపు బురద మీద శుభ్రమైన ఇసుకమట్టి కప్పారు. తర్వాతి ఏళ్లలో అక్కడి చేపల్లో కాలేయ జబ్బు బాగా తగ్గింది.

మనకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అందులో సెక్షన్ 3(1)(డి) చేపల మీద సామూహిక హక్కును గుర్తించింది. సెక్షన్ 5 నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మనం మొదటిదాన్ని అడుగుతున్నాం, రెండోదాన్ని మరిచిపోతున్నాం. గనుల నీరు, మందుల నీరు వాగులో కలిసే చోట బురదనూ, దాన్ని అంటిపెట్టుకుని బతికే జెల్లలు, మార్పుల కాలేయాన్నీ పరీక్షించాలని గ్రామసభ తీర్మానం చేయవచ్చు. ఆ తీర్మానం రాయగల పిల్లలను తయారుచేయడం బడి పని, అంటే మన పని.