ట్యాంకరు కట్టే రుసుము వెనుక కథ

పెట్రోలు ట్యాంకరు రోడ్డెక్కాలంటే మామూలు లారీ రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు. పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థకు రుసుము కట్టి, మరో లైసెన్సు తీసుకోవాలి. ఈ సంస్థ తూర్పు ప్రాంత కార్యాలయం కోల్‌కతాలో ఉంది. మీ స్కూటరు ట్యాంకులో ఉన్నదీ పెట్రోలే కదా! మరి మీరెందుకు కట్టడం లేదు?

కాస్త వెనక్కి వెళదాం. కలకత్తా రాజధానిగా ఉన్న రోజుల్లో, 1884లో వచ్చిన పేలుడు పదార్థాల చట్టం లైసెన్సులకు రుసుము వసూలు చేసే వీలు కల్పించింది. అదే దశాబ్దంలో నగరానికి దిగువన, హుగ్లీ ఒడ్డున బజ్‌బజ్ దగ్గర చమురు ఓడలకు వేరే రేవు వెలిసింది. ఓడల్లో వచ్చేది ముఖ్యంగా అమెరికా కిరోసిన్. దానిలో పెట్రోలు వంటి తేలిక భాగాలు ఎక్కువగా ఉంటే లాంతరు వెలిగించిన ఇల్లే అంటుకోవచ్చు. మంచి కిరోసిన్ ఏదో, ప్రమాదకరమైనది ఏదో కంటితో చూసి చెప్పలేం.

దీనికి ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ ఏబెల్ ఒక పరికరం తయారుచేశాడు. మూత ఉన్న చిన్న గిన్నెలో నూనె పోసి, చుట్టూ ఉన్న నీటి ద్వారా మెల్లగా వేడిచేస్తారు. మధ్యమధ్య మూతలోని కంత తెరిచి సన్నని మంట చూపుతారు. పైనున్న ఆవిరి తటాలున మెరిసే ఉష్ణోగ్రతే ‘ఫ్లాష్ పాయింట్’. 1879లో బ్రిటన్ దీనికి 73 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 23 డిగ్రీల సెల్సియస్, హద్దుగా పెట్టింది. లండన్‌కు సరే. కలకత్తా వేసవిలో గదే అంతకంటే వేడిగా ఉంటుంది! అక్కడ నూనెను ముందు చల్లబరిచి గాని పరీక్ష మొదలుపెట్టలేరు.

1934 నాటి పెట్రోలియం చట్టం సవరణలతో నేటికీ అమల్లో ఉంది. ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల సెల్సియస్‌కు లోపుంటే ‘ఎ’ తరగతి, పెట్రోలు ఇందులోదే. 23 నుంచి 65 లోపు ‘బి’, అక్కడి నుంచి 93 లోపు ‘సి’. అమ్మకానికి కాని ‘ఎ’ తరగతి సరుకు, కొన్ని షరతులతో, 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. ‘బి’కి ఆ పరిమితి 2500 లీటర్లు. బండి నడవడానికి దాని ట్యాంకులో ఉన్న ఇంధనానికి మినహాయింపు ఉంది. మీ స్కూటరు తప్పించుకున్నది ఇలాగే.

మరి కట్టిన డబ్బు ఎవరికి? మన లైసెన్సు రుసుము ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. అమెరికాలో 1992 నుంచి ప్రమాదకర సరుకు రవాణాదారులు ఏటా కట్టే రిజిస్ట్రేషన్ రుసుమును, ప్రమాదస్థలికి ముందుగా పరుగెత్తే అగ్నిమాపక సిబ్బంది శిక్షణకు వెచ్చిస్తున్నారు. ఇది మెచ్చదగిన ఏర్పాటని నా అభిప్రాయం. మన దగ్గర 1984 నాటి భోపాల్ విషాదం తర్వాతే, 1991లో, ఇలాంటి సరుకు రవాణాకు కూడా వర్తించే బీమా చట్టం వచ్చింది. తప్పెవరిదో తేలేదాకా ఆగకుండా బాధితులకు సాయం అందాలన్నది దాని ఉద్దేశం. బీమా ప్రీమియంతోపాటు అంతే మొత్తాన్ని యజమాని సహాయనిధికి కట్టాలని 1992లో సవరించారు. ఆ నిధి నిర్వహణకు పథకం ప్రకటించింది మాత్రం 2008లో.