ఎలుగు వేటలో రైఫిలు గుండు

ఉత్తర అమెరికా అడవులలోని నల్ల ఎలుగు మన నల్లమల ఎలుగుబంటికి దూరపు బంధువే గాని అదే జంతువు కాదు. చెదపురుగులను, ఇప్పపూలను ఏరుకొని తినే మన ఎలుగును వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. అమెరికాలోను, కెనడాలోను నల్ల ఎలుగులు లక్షల సంఖ్యలో ఉన్నవి. అక్కడ పలు రాష్ట్రాలు లైసెన్సు మీద, పరిమితమైన కాలములో వేటను అనుమతిస్తున్నవి. వేట మంచిదా, చెడ్డదా అన్న వాదము వేరు. "ఈ జంతువుకు ఎంత కాలిబరు రైఫిలు, ఎటువంటి గుండు తగును?" అన్న ప్రశ్నకు జవాబు కాలముతోపాటు ఎట్లు మారుతూ వచ్చినదో చూచినచో, మన పాఠ్యపుస్తకాలలోని ఘనపరిమాణము, గతిజశక్తి అనే మాటలు ఎంత దూరము పనిచేయునో తెలియును. కాలిబరు అనగా రైఫిలు గొట్టపు లోపలి వ్యాసము.

ముందు జంతువు సంగతి. పెద్ద మగ ఎలుగు రెండు వందల కిలోగ్రాములు దాటవచ్చును. శీతకాలపు నిద్రకు ముందు దాని చర్మము క్రింద క్రొవ్వు దళసరిగా పేరుకొనును. పైన దట్టమైన బొచ్చు ఉండనే ఉన్నది. గుండు చేసిన సన్నని రంధ్రమును క్రొవ్వు మూసివేయును. కారిన కాస్త నెత్తురును బొచ్చు పీల్చివేయును. నేలపై జాడ పడదు. సరిగా తగలని ఎలుగు పొదలలో దూరి, ఎవరికీ దొరకక, చాలాసేపు బాధపడి చచ్చును. వెదకబోయిన మనిషికీ ప్రమాదమే. కనుక గుండు భుజపుటెముకను దాటి గుండె, ఊపిరితిత్తుల వరకు పోవలెను. పోయినచోట వెడల్పైన గాయము చేయవలెను. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. వెడల్పైన గుండు త్వరగా ఆగిపోవును. సన్ననిది సూదివలె దూసుకొని ఆవలికి పోవును.

పద్దెనిమిదవ శతాబ్దిలో పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను పనివారు చేసిన పొడుగు రైఫిళ్లు గుండ్రని సీసపు గోళమును పేల్చెడివి. గొట్టము లోపల మెలి తిరిగిన గాడులుండును. గోళమునకు జిడ్డు రాచిన గుడ్డ చుట్టి మూతినుండి దట్టించెడివారు. గోళము బరువు వ్యాసముయొక్క ఘనమును బట్టి మారునని విద్యార్థులకు తెలిసినదే. 0.44 అంగుళాల సీసపు గోళము సుమారు 8 గ్రాములు తూగును, 0.53 అంగుళాలది 14 గ్రాములు దాటును. వ్యాసము అయిదవ వంతు పెరిగేసరికి బరువు ముప్పాతిక వంతు పెరిగినది! బరువు కావలెనన్నచో గొట్టమును పెద్దది చేయుట తప్ప ఆనాటివారికి దారి లేదు. పడమటి కొండలలో తిరిగే వేటగాండ్రకోసము సెయింట్ లూయిస్ పట్టణములో హాకెన్ సోదరులు 0.50 అంగుళాలు, అంతకు పైబడిన రైఫిళ్లు చేసినది ఇందుకే. "పెద్ద జంతువుకు పెద్ద గొట్టము" అన్న సూత్రము అప్పుడు పుట్టినది. ఆ కాలానికి అది సరియైనదే. కాలము మారిన తరువాత కూడ చాలమంది దానిని విడువలేదు.

1849లో ఫ్రెంచి సైనికాధికారి మినియే రూపొందించిన కోసుమొన గుండు గోళపు లెక్కను తారుమారు చేసినది. ఇక వ్యాసమును ముట్టుకోకుండా పొడుగు పెంచి బరువు తెచ్చుకోవచ్చును. 1873లో అమెరికా సైన్యము చేపట్టిన "నలభైఅయిదు-డెబ్బది" తూటాలో కాలిబరు 0.45 అంగుళాలే, గుండు మాత్రము 26 గ్రాములు. దాని వేగము సెకనుకు సుమారు 410 మీటర్లు. పేరులోని డెబ్బది తుపాకిమందు బరువు, గ్రెయిన్లలో. సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన ఆ పాత మందు కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థముగానే మిగిలి, పొగయై, మసియై పోయెడిది. వేగమునకు హద్దు ఏర్పడినది.

ఆ హద్దును 1884లో పాల్ వియేయ్ అనే ఫ్రెంచి రసాయనవేత్త పొగరాని మందుతో చెరిపివేసెను. 1895లో వించెస్టర్ కంపెనీ "ముప్పది-ముప్పది" తూటాను విక్రయించెను: కాలిబరు 0.30 అంగుళాలు, మందు ముప్పది గ్రెయిన్లే. నేడు దొరికే ఈ తూటాలో 11 గ్రాముల గుండు సెకనుకు 670 మీటర్ల వేగముతో వెలువడును. ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముతో గుణించి చూడుడు. 26 గ్రాముల గుండుకు సుమారు 2,200 జౌళ్లు వచ్చును. 11 గ్రాముల దానికి 2,450కి పైన! ఎదురుదెబ్బ గతిజశక్తిని గాక ద్రవ్యవేగమును అనుసరించును గనుక భుజమునకు తగిలే తోపు తగ్గినది. ఇది చిన్న సంగతి కాదు. దెబ్బకు జడిసి, మీట నొక్కేటప్పుడు కండ్లు మూసుకొనేవాని చేతిలో ఎంత గొప్ప రైఫిలైనా ఎలుగును గాయపరచి వదలుటకే పనికివచ్చును.

కాని వేగము కొత్త చిక్కు తెచ్చినది. మెత్తని సీసము గాడులలో చీలిపోసాగెను. స్విట్జర్లండులో ఎడ్వర్డ్ రూబిన్ 1882లోనే రాగి తొడుగు వేసి దీనికి మందు కనిపెట్టెను. నిండు తొడుగు గుండు చెదరదు, విచ్చుకోదు. జంతువులో సన్నని బెజ్జము చేసి వెళ్లిపోవును. కలకత్తా సమీపములోని డమ్‌డమ్ కర్మాగారములో 1890 తరువాతి సంవత్సరాలలో మొన దగ్గర తొడుగు తీసివేసిన గుండు తయారైనది. అది తగిలినంతనే పుట్టగొడుగువలె విచ్చుకొనును. 1899లో హేగ్ ప్రకటన ఇట్టి గుండ్లను యుద్ధములో నిషేధించినది. వేటలోనో, అమెరికాలోని అనేక రాష్ట్రాలు నిండు తొడుగు గుండ్లనే నిషేధించి, విచ్చుకొనే వాటినే వాడుమనుచున్నవి. వింతగా తోచును గాని ఇందులో వైరుధ్యము లేదు. సైనికుని పోరాడలేకుండా చేయుట చాలును, అంతకు మించిన హింస అనవసరమని మొదటి నియమము; జంతువు బాధ త్వరగా ముగియవలెనని రెండవది.

వేగము ఇంకా పెరిగేసరికి విచ్చుకొనే గుండ్లు ఎముక తగిలి పైపైనే పగిలిపోవుట మొదలైనది. 1946లో కెనడాలో దుప్పిజాతికి చెందిన మూస్ అనే భారీ జంతువు దగ్గర ఈ అనుభవము పొందిన జాన్ నాస్లర్, గుండు మధ్యలో రాగిమిశ్రపు అడ్డుగోడ పెట్టెను. ముందు సగము విచ్చుకొనును. వెనుక సగము చెదరక లోతుకు పోవును. వెడల్పుకు, లోతుకు నడుమ రాజీ కుదిరినది కాలిబరులో కాదు, గుండు కట్టడములో. దట్టమైన అడవిలో, నూరు మీటర్ల లోపల నల్ల ఎలుగుకు ముప్పది-ముప్పది చాలునని అనేకులు అనుటకు ఇదే ఆధారము. మంచి గుండు పెట్టిన చిన్న రైఫిలు, చెడ్డ గుండు పెట్టిన పెద్దదానికంటె మేలు.

ఇటీవల మరొక ప్రశ్న వచ్చి చేరినది. సీసపు గుండు విచ్చుకొన్నప్పుడు సన్నని తునకలు మాంసములో చెదరును. వేటగాడు అడవిలో విడిచిన ప్రేగులను తిన్న కాండోర్ అనే పెద్ద రాబందులు సీసపు విషముతో చచ్చుచున్నట్లు కాలిఫోర్నియాలో తేలినది. 1980 దశాబ్దినుండి పూర్తిగా రాగితో చేసే గుండ్లు రూపొందినవి. రాగి సీసముకంటె తేలిక గనుక అదే బరువుకు గుండు పొడుగౌను. గాడుల మెలి ఇంకా బిగువుగా ఉండవలసి రావచ్చును. 2019 జూలై నుండి ఆ రాష్ట్రములో ఎలుగు వేటకే గాక ఏ వేటకూ సీసపు గుండు వాడరాదు.