నెత్తి గీసిన కొండలు

బుధవారం పొద్దున చాటికోన సంతకి డొంగ్రియా కోందు ఆడవాళ్ళు కొండ దిగి వస్తారు. కాలాన్ని బట్టి అనాస, పసుపు, అల్లం గంపల్లో ఉంటాయి. జుట్టు నిండా పిన్నులు, ఒంటి మీద రంగుదారాలతో కుట్టుపని చేసిన తెల్లటి శాలువా. సంతకి వెనక నియమగిరి. ఆ కొండ నెత్తి బల్లలా చదునుగా ఉంటుంది. ఈ ప్రాంత చరిత్రలో గత కొన్ని దశాబ్దాల గొడవ చాలావరకు ఇలాంటి చదును గురించే.

ఈ సంతకి దగ్గర్లోని బిస్సమ్ కటక్ ఒకప్పుడు మన విశాఖపట్నం జిల్లాలోనిదే. జయపురం జమీందారీ కింద ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. ఇక్కడి రాయికి 'ఖొండలైట్' అనే పేరు కూడా కోందుల నుంచే వచ్చింది. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టాడు. లక్షల ఏళ్ళ వానలకి ఆ రాయిలోని తక్కిన ఖనిజాలు కరిగిపోయి, కొండల పైన అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ పేరుకుంది. గుల్లగా, చిల్లులు చిల్లులుగా ఉండే రాయి అది. వానాకాలం నీళ్ళు తాగి, ఎండాకాలం ఊటలుగా మెల్లగా వదులుతుంది. శ్రీకాకుళం రైతుకి తెలిసిన వంశధార, నాగావళి రెండూ ఈ కొండల వైపు నుంచి దిగేవే.

ఆ బాక్సైట్ కోసమే కొండ నెత్తి తవ్వుతారు. బొగ్గు గనుల ఊళ్ళలో తవ్వకం కథ వేరు. సింగరేణిలో 1975లో రామగుండం దగ్గర ఓపెన్‌కాస్ట్ మొదలైంది. బొగ్గు మీది మట్టిని తీసి పక్కన పోస్తే, నేల ఉన్నచోట గొయ్యి, పొలం ఉన్నచోట గుట్ట వచ్చాయి. జనం ఆ గుట్టల్ని ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలంటారు. బాక్సైట్ గనిలో గుట్ట పుట్టదు, ఉన్న గుట్టే పొట్టిదవుతుంది.

కోరాపుట్ జిల్లాలోని పంచపట్‌మాలి అలా పొట్టిదవుతున్న కొండ. 1981లో ఏర్పడిన ప్రభుత్వ కంపెనీ నాల్కో 1985లో అక్కడ గని తెరిచింది. కింద దామన్‌జోడిలో రిఫైనరీ కట్టారు. సుమారు 600 కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేసి పునరావాస కాలనీలకి చేరాయి. ఖనిజం మాత్రం 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద, లారీ మొహం చూడకుండా కొండ దిగుతుంది.

తవ్వే పద్ధతి శ్రద్ధగానే ఉంటుంది, కాదనకూడదు. ముందు పైమట్టిని గీకి విడిగా పోస్తారు. దాని కింది ఎర్రరాతి పొరను తీసి, అంతకుముందే ఖాళీ చేసిన గోతిలో నింపుతారు. ఆ పైన దాచిన మట్టి పరిచి మొక్కలు నాటుతారు. కొండ అంచును తవ్వకుండా కట్టలా వదిలేస్తారు. దానివల్ల వాననీరు గనిలోనే ఆగుతుంది, బురద కింది పొలాల మీద పడదు. చిక్కల్లా లెక్క దగ్గరే. ఎన్ని మొక్కలు నాటామో లెక్క చెప్తారు. కానీ ఈ చదును కొండల నెత్తి మీద సహజంగా పెరిగేది గడ్డి, పొట్టి పొదలు. చెట్లు పక్క వాలుల్లో ఉంటాయి. గడ్డినేల ఉన్నచోట తోట పెంచితే అది పచ్చదనమే, ఒప్పుకోవచ్చు. దాన్ని పునరుద్ధరణ అనడానికి మాత్రం నోరు రాదు. నీళ్ళు తాగిన ఆ గుల్లరాయి ఎలాగూ బెల్టెక్కి వెళ్ళిపోయింది. లెక్కబెట్టవలసింది మొక్కల్ని కాదు, వేసవిలో పారే ఊటల్ని.

అసలు చెత్త కొండ కింద పుడుతుంది. బాక్సైట్‌ని కాస్టిక్ సోడాలో ఉడికిస్తే అల్యూమినా వస్తుంది. టన్ను అల్యూమినాకి టన్నో, అంతకు మించో రెడ్ మడ్ అనే ఎర్రబురద మిగులుతుంది. ఉడికించే ఆవిరికి బొగ్గు కావాలి. కాబట్టి బొగ్గు గని లేని ఊళ్ళో కూడా బూడిద చెరువు ఒకటి ఉంటుంది. రెడ్ మడ్‌లో మిగిలిపోయిన క్షారం చర్మాన్ని కాలుస్తుంది. 2010 అక్టోబరు 4న హంగరీలోని అయ్కా దగ్గర రెడ్ మడ్ చెరువు గట్టు తెగి పది మంది చనిపోయారు. ఆ తర్వాత నీళ్ళు పిండేసి పొడిగా పేర్చే పద్ధతికి గిరాకీ పెరిగింది. సిమెంటు ఫ్యాక్టరీలు కొంత తీసుకుంటాయి, మిగిలిందే ఎక్కువ.

నియమగిరికి ఆవలి వైపు, కలహండి జిల్లా లాంజీగఢ్‌లో, వంశధార ఒడ్డున వేదాంత కంపెనీ రిఫైనరీ ముందే వచ్చింది. గనికి అనుమతి మాత్రం రాలేదు. 2010 ఆగస్టులో కేంద్రం అటవీ అనుమతి నిరాకరించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలు తేల్చాలంది. రాయగడ వైపు ఏడు, కలహండి వైపు ఐదు పల్లెలు. జులై 18న సెర్కపడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన ఆ సభలన్నీ వద్దనే చెప్పాయి. కొండ నెత్తి తమ దేవుడు నియమ్ రాజాదని డొంగ్రియాల మాట. మామూలుగా పునరుద్ధరణ గురించి తవ్వకం అయ్యాక మాట్లాడతారు. ఇక్కడ దాని వెల ముందే అడిగారు.

రిఫైనరీ మాత్రం శాశ్వతంగా మూతపడలేదు. ఖనిజం వేరే రాష్ట్రాల నుంచి, సముద్రాలు దాటి గినీ నుంచి కూడా వచ్చింది. విశాఖ రేవులో దిగిన ఆ రాయి విజయనగరం, రాయగడ, బిస్సమ్ కటక్ మీదుగా లాంజీగఢ్ వైపు వెళ్తుంది. దామన్‌జోడి అల్యూమినా ఎగుమతికి దిగేదీ అదే విశాఖ రేవుకి. గొయ్యి గినీలో పడుతుంది, రెడ్ మడ్ వంశధార ఒడ్డున పేరుకుంటుంది.