18 ఏళ్ల ఓటు, సూరత్ నుంచి చూస్తే: అమెరికా 26వ సవరణ, మన 61వ సవరణ

2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానంలో ఒక్క ఓటు కూడా పడకుండానే ఫలితం వచ్చేసింది. కాంగ్రెస్ అభ్యర్థి నీలేష్ కుంభాణీ నామినేషన్‌పై ఉన్న సంతకాలు తమవి కావని ప్రతిపాదకులే అఫిడవిట్లు ఇవ్వడంతో ముందురోజు అది తిరస్కరణకు గురైంది. ప్రత్యామ్నాయ అభ్యర్థి నామినేషన్‌కూ అదే గతి పట్టింది. మిగిలినవాళ్లు ఉపసంహరించుకున్నారు. రిటర్నింగ్ అధికారి భాజపా అభ్యర్థి ముఖేష్ దలాల్ ఎన్నికైనట్టు ప్రకటించారు. 16 లక్షలకు పైగా ఓటర్లున్న నియోజకవర్గం ఇది. 2019 తర్వాత 18 నిండినవాళ్లకు లోక్‌సభకు అదే మొదటి ఓటు అయ్యేది.

పాండేసర సూరత్ నగరంలోనే ఉన్నా నవసారి లోక్‌సభ కిందికి వస్తుంది. ఉధనా, లింబాయత్, మజూరా, చోర్యాసీ అసెంబ్లీ స్థానాలన్నీ అటే. అందుకని మే 7న ఇక్కడ పోలింగ్ జరిగింది, సి.ఆర్. పాటిల్ 7.7 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. అవతల వరాఛా, కతార్‌గాం వాళ్లకు ఆ రోజు మామూలు రోజే. ఒకే నగరం, ఒకే మునిసిపాలిటీ, ఒకే వయసు కుర్రాళ్లు. కొందరి వేలికి సిరా అంటింది, కొందరికి అంటలేదు.

ఆ వారంలో పాండేసరలో నా తోటి కుర్రాళ్లు ఎక్కువగా మాట్లాడుకున్నది బైడెన్, ట్రంప్ గురించి. అది వింత కాదు. తెలుగు ఇళ్లలో అమెరికా రాజకీయం ఇంటి విషయమే అయిపోయింది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఉషా వాన్స్ తల్లిదండ్రులది ఆంధ్ర మూలం. అయితే అక్కడ ఎవరు గెలుస్తారన్న దానికంటే, అక్కడ 18 ఏళ్ల కుర్రాడికి ఓటు ఎలా వచ్చింది, వచ్చాక దాన్ని ఎక్కడ వేయగలిగాడు అన్నది మనకు పనికొచ్చే ప్రశ్న. జనరల్ ఎస్సేకీ, పాలిటీ పేపర్‌కీ కూడా.

అమెరికా కథ రెండో ప్రపంచ యుద్ధంతో మొదలవుతుంది. 1942లో నిర్బంధ సైనిక సేవ వయసును 18కి దించారు. ఓటు వయసు మాత్రం 21 దగ్గరే ఉంది. తుపాకీ పట్టడానికి సరిపోయిన వయసు ఓటుకు ఎందుకు సరిపోదని అడిగినవాళ్లలో పశ్చిమ వర్జీనియాకు చెందిన జెన్నింగ్స్ రాండాల్ఫ్ ముఖ్యుడు. ఆయన 1942లోనే రాజ్యాంగ సవరణ ప్రతిపాదించాడు. 1943లో జార్జియా రాష్ట్రం తన పరిధిలో 18కి తగ్గించింది. 1954లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కూడా మద్దతు పలికాడు. అయినా పని జరగలేదు. వియత్నాం యుద్ధం వచ్చాక ఆ ప్రశ్న వీధుల్లోకి వచ్చింది.

మన పుస్తకాల్లో సాధారణంగా ఇక్కడ ఆపేసి ‘యువత ఉద్యమించింది, హక్కు సాధించింది’ అని రాస్తారు. అసలు జరిగింది ఇంకొంచెం ఆసక్తికరంగా ఉంటుంది. 1970లో అమెరికా కాంగ్రెస్ ఓటింగ్ హక్కుల చట్టాన్ని సవరిస్తూ అన్ని ఎన్నికలకూ వయసును 18 చేసింది. మామూలు చట్టంతో రాష్ట్రాల ఎన్నికల వయసు మార్చే అధికారం కేంద్రానికి ఉందా అన్న వివాదం ‘ఆరెగాన్ వర్సెస్ మిచెల్’ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1970 డిసెంబర్ 21న తీర్పు వచ్చింది: జాతీయ పదవుల ఎన్నికలకు 18 చెల్లుతుంది, రాష్ట్ర, స్థానిక ఎన్నికలకు చెల్లదు. అంటే ఒకే రోజు, ఒకే బూత్‌లో, 19 ఏళ్ల కుర్రాడు అధ్యక్షుడికి ఓటేయవచ్చు, గవర్నర్‌కు వేయకూడదు! రాష్ట్రాలు రెండు జాబితాలు, రెండు రకాల బ్యాలెట్లు పెట్టుకోవాలి. ఖర్చు, గందరగోళం. దాంతో రాష్ట్రాలే తొందరపడ్డాయి. 1971 మార్చి 23న కాంగ్రెస్ పంపిన 26వ సవరణను జులై 1 కల్లా మూడు వంతుల రాష్ట్రాలు ఆమోదించాయి. నూరు రోజులే పట్టింది. ఇంత వేగంగా ఆమోదం పొందిన సవరణ అమెరికా చరిత్రలో మరొకటి లేదు. యువత ఒత్తిడి లేకపోతే 1970 చట్టమే వచ్చేది కాదన్నది నిజం. కానీ ఆ చివరి నూరు రోజుల వేగం ఆదర్శానిది కాదు, రెండు జాబితాల భయానిది అని నా అభిప్రాయం.

తర్వాతి ఏడాది ఏమైంది? కొత్త ఓటర్లంతా యుద్ధ వ్యతిరేకి మెక్‌గవర్న్ వైపు ఉంటారని చాలామంది లెక్కలు వేశారు. నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. 24 ఏళ్ల లోపు వాళ్లలో ఓటేసింది దాదాపు సగం మందే. ‘యువ ఓటు’ అనేది ఒకే ముద్దగా ఉండదు. విశ్లేషకులు ఇప్పటికీ ఇక్కడ బోర్లా పడుతూనే ఉంటారు.

మన దగ్గర వీధి పోరాటం అంతగా లేదు. 1928 మోతీలాల్ నెహ్రూ నివేదిక 21 ఏళ్లకు వయోజన ఓటు అడిగింది. ఆస్తి, చదువు, పన్ను షరతులున్న 1935 చట్టం నుంచి రాజ్యాంగం ఒక్క దూకులో 326వ అధికరణంతో సార్వత్రిక ఓటుకు వచ్చింది. వయసు 21 అలాగే నిలిచింది. కొన్ని రాష్ట్రాలు స్థానిక సంస్థలకు ముందుగానే 18 చేశాయి. రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన బిల్లును లోక్‌సభ 1988 డిసెంబర్ 15న, రాజ్యసభ డిసెంబర్ 20న ఆమోదించాయి. 1989 మార్చి 28 నుంచి 61వ సవరణ అమల్లోకి వచ్చింది. ఆ నవంబర్‌లోనే ఎన్నికలు. ఓటర్ల సంఖ్య సుమారు 40 కోట్ల నుంచి 50 కోట్లకు చేరింది. ఓటిచ్చిన కాంగ్రెస్ 197 స్థానాలకు పడిపోయింది. ఒకప్పుడు మొరార్జీ దేశాయ్‌ని అయిదుసార్లు పంపిన సూరత్, ఆ ఎన్నికల్లో భాజపా అభ్యర్థి కాశీరాం రాణాను గెలిపించింది. కొత్త ఓటర్ల వల్లే అలా జరిగిందని చెప్పడానికి ఆధారం లేదు. బోఫోర్స్, వి.పి. సింగ్, అయోధ్య, కారణాలు చాలా ఉన్నాయి. నిక్సన్ విషయంలో చేసిన హెచ్చరికే ఇక్కడా వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. రెండు రాజ్యాంగాలూ వయసు గురించి మాట్లాడాయి. ఓటు వేసే అవకాశం గురించి దాదాపు మాట్లాడలేదు. అమెరికా రాజ్యాంగంలో ‘ప్రతి పౌరుడికీ ఓటు హక్కు ఉంది’ అని నేరుగా చెప్పే వాక్యం ఉండదు. 15, 19, 26 సవరణలన్నీ జాతి, లింగం, వయసు కారణంగా ‘నిరాకరించరాదు’ అనే చెబుతాయి. 2000లో ‘బుష్ వర్సెస్ గోర్’ తీర్పు, అధ్యక్ష ఎన్నికలో ఎలక్టర్లను ఎన్నుకునే హక్కు రాష్ట్ర శాసనసభ ఇస్తేనే పౌరుడికి ఉంటుందని గుర్తుచేసింది. మనకు 326 ఉంది కాబట్టి మనం మెరుగే. కానీ మన సుప్రీంకోర్టు 1952 ‘పొన్నుస్వామి’ కేసు నుంచీ ఈ హక్కును చట్టం ఇచ్చిన హక్కుగానే చూసింది. ఆ కేసు కూడా నామినేషన్ తిరస్కరణ మీదే, నామక్కల్‌లో. ఎన్నిక మధ్యలో కోర్టులు జోక్యం చేసుకోకూడదు, ఎన్నికయ్యాక పిటిషన్ వేసుకోవాలి అని 329(బి)కి అర్థం చెప్పింది. 2003 పీయూసీఎల్ తీర్పు ఒక తేడా చూపింది: ఓటు హక్కు చట్టం ఇచ్చినదైనా, ఓటేసేటప్పుడు ఎంచుకునే స్వేచ్ఛ 19(1)(ఎ) కిందికి వస్తుంది. 2013లో నోటా వచ్చింది ఆ దారిలోనే. 2023 ‘అనూప్ బరన్‌వాల్’ కేసులో జస్టిస్ అజయ్ రస్తోగి ఓటు ప్రాథమిక హక్కేనని విడిగా రాశారు. అది ఆయన ఒక్కరి అభిప్రాయమే, మెజారిటీది కాదు. మెయిన్స్‌లో చాలామంది దీన్ని తీర్పుగా రాసేస్తున్నారు.

నోటా ఉన్నా సూరత్‌లో ఎందుకు పనిచేయలేదు? 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 53(2) ప్రకారం, అభ్యర్థుల సంఖ్య సీట్ల సంఖ్యకు సమానమైతే పోలింగే ఉండదు. పోలింగ్ లేనప్పుడు నోటా మీట ఎక్కడుంటుంది? ఈ సెక్షన్‌ను సవాలు చేస్తూ విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025లో విచారణ సందర్భంగా, ఒక్కరే మిగిలినా కనీసం ఇన్ని ఓట్లు రావాలన్న నియమం పెడితే ఎలా ఉంటుందని ధర్మాసనం కేంద్రాన్ని అడిగింది.

ఈ విషయంలో అమెరికాను పొగడటానికి లేదు. ఫ్లోరిడాలో పోటీ లేని అభ్యర్థి పేరు బ్యాలెట్ మీదే రాదు, ఎన్నికైనట్టే లెక్క. నెవాడాలో ‘వీరిలో ఎవరూ కారు’ అన్న గడి 1975 నుంచి ఉంది. మన నోటాకు అక్కలాంటిది. 2014లో డెమొక్రాట్ల గవర్నర్ ప్రైమరీలో ఆ గడికే అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, అయినా రెండో స్థానంలో ఉన్న మనిషికే టికెట్ దక్కింది. మనకు లేనిది ఒకటుంది. చాలా రాష్ట్రాల్లో ఓటరు బ్యాలెట్ మీద లేని పేరును తనే రాయవచ్చు. 2010లో అలాస్కాలో సొంత పార్టీ ప్రైమరీలో ఓడిన లీసా మర్కౌస్కీ అలా రాసిన ఓట్లతోనే సెనేట్‌కు గెలిచింది.

పాండేసర ఓటరుకు ఇంతకంటే దగ్గరి సమస్య నివాసం. ఇక్కడి డైయింగ్, ప్రింటింగ్ మిల్లుల చుట్టూ ఒడియా, బిహారీ, యూపీ, మరాఠీ, తెలుగు గల్లీలు పక్కపక్కనే ఉంటాయి. సూరత్ మునిసిపల్ బడుల్లో తెలుగు మాధ్యమం ఉందంటే మనవాళ్లు ఎంతకాలంగా ఇక్కడున్నారో అర్థమవుతుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి సాంచెల పనికి వచ్చినవాళ్లే ఎక్కువ, అందులో పద్మశాలీలు ఎక్కువ. మా బాపు ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఓటు మాత్రం ఊళ్లోనే ఉంది. ఇక్కడికి మార్పించుకోమంటే, “ఊళ్లె పేరు తీసేస్తే రేపు ఇంటి కాగితాలకు, పింఛనుకు ఎవడు పల్కుతడు బిడ్డా?” అంటాడు. చట్టంలో ఓటరు జాబితాకూ పింఛనుకూ సంబంధం లేదు. కానీ ఊళ్లో మనిషి ఉన్నాడనడానికి జాబితాలో పేరే సాక్ష్యం అన్న నమ్మకం సంబంధం లేదని చెబితే పోయేది కాదు. 2024లో ఇక్కడ పోలింగ్ మే 7, తెలంగాణలో మే 13. పోలింగ్ రోజు జీతంతో సెలవివ్వాలని 135-బి సెక్షన్ చెబుతుంది. సిరిసిల్లకు వెళ్లి రావడానికి ఒక్క రోజు చాలదు.

1950 చట్టం 19వ సెక్షన్ ‘సాధారణ నివాసి’ అయినచోటే ఓటు అంటుంది. 20వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది: ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాడు, తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదు. మొదటి మాట ప్రకారం బాపు సూరత్ ఓటరు, రెండో మాట పట్టుకుంటే సిరిసిల్ల ఓటరు. ఇరవై ఏళ్లు ‘తాత్కాలికం’ అవుతుందా అన్నది చట్టం చెప్పదు.

అమెరికా ఈ ముడిని కోర్టుల్లో విప్పుకుంది. టెనెసీలో ఓటు కావాలంటే రాష్ట్రంలో ఏడాది, కౌంటీలో మూడు నెలలు ఉండాలన్న నియమం ఉండేది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి కొత్తగా వచ్చిన న్యాయశాస్త్ర అధ్యాపకుడు బ్లమ్‌స్టీన్ దాన్ని సవాలు చేశాడు. 1972లో సుప్రీంకోర్టు కొట్టేసింది, జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ తీర్పు రాశారు. టెక్సాస్‌లోని ప్రెయిరీ వ్యూ నల్లజాతి విద్యార్థులను ‘మీరు ఇక్కడివాళ్లు కారు’ అని నమోదు చేయకపోతే, 26వ సవరణ కిందే కేసు నడిచి 1979లో వాళ్లకు అనుకూలంగా తేలింది. చదువుకునేచోటే ఓటు. పైగా 1986 చట్టం ప్రకారం విదేశంలో ఉన్న అమెరికన్ పౌరుడు పోస్టులో ఓటేయవచ్చు. సూరత్‌లో ఉన్న అమెరికన్ ఇక్కడి నుంచే తన ఓటు పంపగలడు, సూరత్‌లో ఉన్న సిరిసిల్ల నేతన్న పంపలేడు. మన పోస్టల్ బ్యాలెట్ సైనికులు, ఎన్నికల సిబ్బంది, వృద్ధులు, వికలాంగులు వంటి కొన్ని వర్గాలకే.

2019లో 30 కోట్లకు పైగా ఓటర్లు ఓటేయలేదని, దానికి వలస ఒక ముఖ్య కారణమని చెబుతూ ఎన్నికల సంఘం 2022 డిసెంబర్‌లో రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని ప్రతిపాదించింది. ఒకే బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకోగలదు. 2023 జనవరి 16న పార్టీలను పిలిచారు. వలస ఓటరు అంటే ఎవరు, సిరిసిల్ల అభ్యర్థి ఏజెంటును సూరత్ బూత్‌లో ఎవరు కూర్చోబెడతారు, ప్రవర్తనా నియమావళి అమల్లో లేని రాష్ట్రంలో ప్రచారం సంగతేంటి అని ప్రతిపక్షాలు అడిగాయి. న్యాయమైన ప్రశ్నలే. 2024 ఎన్నికలు ఆ యంత్రం లేకుండానే జరిగాయి.

ఆ తర్వాత విషయం మరో వైపు తిరిగింది. 2025లో బిహార్ ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. అందులో 36 లక్షల దాకా ‘శాశ్వతంగా వెళ్లిపోయారు, లేదా దొరకలేదు’ అన్న కారణంతోనే. పాండేసరలో బిహారీలు తక్కువేం లేరు. అదే ఏడాది నవంబర్ 4న గుజరాత్‌లోనూ ఇంటింటి ఫారాలు మొదలయ్యాయి.