ఒంటరితనం: పరిణామ దృక్పథం

ఒంటరితనం అంటే చుట్టూ మనుషులు లేకపోవడం కాదు. కోరుకున్న బంధాలు దొరకనప్పుడు కలిగే బాధ. కోరి ఏకాంతాన్ని ఎంచుకున్న సాధువుకు అది లేకపోవచ్చు, నిండు ఉమ్మడి కుటుంబంలో ఉన్న కోడలికి ఉండవచ్చు. దీన్ని మనోదౌర్బల్యంగా చూసే అలవాటు ఇంకా పోలేదు. షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ కాసియోపో (1951–2018) ఈ అభిప్రాయాన్ని గట్టిగా ఖండించారు. ఆకలి తిండి వెతుక్కోమన్నట్టే ఒంటరితనం మనుషులను చేరుకోమంటుందని, అది పరిణామక్రమంలో ఏర్పడిన హెచ్చరిక అని ఆయన వాదించారు. ఇప్పటివరకు దొరికిన ఆధారాలు ఎక్కువగా ఆయన వైపే ఉన్నాయి.

మనిషికి తోడు ఎందుకంత అవసరమో పసిబిడ్డను చూస్తే తెలుస్తుంది. పుట్టిన బిడ్డ మెదడు పెద్దవారి మెదడులో మూడో వంతైనా ఉండదు. అంత నిస్సహాయమైన బిడ్డను ఏళ్ల తరబడి సాకడం తల్లి ఒక్కతి వల్ల కాదని, అమ్మమ్మలూ అక్కలూ తోటివారూ చేయివేయడం వల్లే మన జాతి నిలిచిందని మానవశాస్త్రవేత్త సారా హ్రడీ 2009 నాటి ‘మదర్స్ అండ్ అదర్స్’ గ్రంథంలో వివరించారు. జార్జియా దేశంలోని ద్మనిసిలో దొరికిన సుమారు 17.7 లక్షల ఏళ్ల నాటి ఒక పుర్రెకు దాదాపు పళ్లే లేవు. పళ్ల గుంటలు పూడిపోయిన తీరు చూస్తే, పళ్లు ఊడాక కూడా ఆ వ్యక్తి చాలాకాలం బతికినట్టు తెలుస్తుంది. తోటివారు సాయపడి ఉంటారని కొందరి అభిప్రాయం.

అయితే ఎముకలు మనసులోని బాధను చెప్పవు, ఇదంతా ఊహాకథ అనే ఆక్షేపణ ఉంది. అందులో న్యాయం ఉంది. ద్మనిసి పుర్రె ఒక్కటే ఏదీ రుజువు చేయదు. కానీ బతికున్న జంతువులు సాక్ష్యం ఇస్తున్నాయి. కెన్యాలోని అంబోసెలీలో 16 ఏళ్ల పరిశీలనల ఆధారంగా జోన్ సిల్క్ బృందం 2003లో ప్రకటించిన ఫలితం ప్రకారం, తోటి బబూన్లతో ఎక్కువ కలిసిమెలిసి ఉండే ఆడ బబూన్ల పిల్లలే ఎక్కువగా బతికాయి. గుంపులో తల్లి హోదాను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. మరి ఒరాంగుటాన్లు ఎక్కువగా విడిగానే బతుకుతాయి కదా? నిజమే, వాటి పిల్లల్ని తల్లి ఒక్కతే పెంచుతుంది. ఆ మినహాయింపు వాదాన్ని బలపరుస్తుందే తప్ప కొట్టేయదు: తోడు మీద బతుకు ఆధారపడిన జాతికే తోడు లేమి అంతగా నొప్పించాలి. 2020లో లివియా టొమోవా బృందం 40 మందిని ఒక రోజు పది గంటలు ఒంటరిగా, మరో రోజు పది గంటలు పస్తుగా ఉంచింది. ఒంటరిగా ఉన్నాక మనుషుల చిత్రాలకూ, పస్తున్నాక తిండి చిత్రాలకూ మధ్యమెదడు ఒకే తీరులో స్పందించింది.

ఇంత ఉపయోగపడే హెచ్చరిక ఆరోగ్యాన్ని ఎందుకు పాడుచేస్తుంది? అది ఎడతెగకుండా మోగడం వల్ల. ఒంటరివారి మనసు ముప్పును పసిగట్టడానికి ఎప్పుడూ కాపలా కాస్తుందని కాసియోపో భావించారు. అమెరికాలోని దక్షిణ డకోటాలో ఉమ్మడి జీవనం సాగించే హట్టరైట్లు అనే క్రైస్తవ సమాజంలో సైతం, ఒంటరితనం ఎక్కువగా ఉన్నవారి నిద్ర ఎక్కువగా చెదురుతోందని 2011లో తేలింది. రోగమే మనిషిని ఒంటరిని చేస్తుందేమో అన్న సందేహం సబబే. కానీ 148 అధ్యయనాల్లోని 3,08,849 మంది వివరాలను జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో సమీక్షించినప్పుడు, బలమైన సామాజిక బంధాలున్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. మొదట ఉన్న ఆరోగ్యస్థితి ఏదైనా ఈ ధోరణి మారలేదు. రోగం ఒంటరిని చేయడమూ నిజమే కావచ్చు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి.

ఒంటరితనానికి చేసే చికిత్సల మీద 2011లో వచ్చిన మరో సమీక్ష, ఒంటరి మనసు ఎప్పుడూ కాపలా కాస్తుందన్న కాసియోపో దృష్టికే తోడు నిలిచింది. మనుషులను ఒకచోట చేర్చి పరిచయాలు పెంచే కార్యక్రమాలకన్నా, ఎదుటివారు తనను తోసిపుచ్చుతారన్న ముందస్తు భయాన్ని సరిదిద్దే చికిత్సలే మెరుగైన ఫలితం ఇచ్చాయి.